చప్పుడు చేయని పెట్టె

జనవరి 9

కోపాల మేనకోడలికి మేనత్త ఆశీస్సులు.

నేను ఫోన్ ఎత్తడం లేదని మీ నాన్నకి చాడీలు చెప్పావట. చెప్పుకో. ఈ మధ్య ఫోన్‌లో ఎవరి గొంతూ గొంతులా ఉండటం లేదు, దిండు కింద నుంచి మాట్లాడినట్టు ఉంటోంది. ఉత్తరమైతే నువ్వెంత అరిచినా నాకు వినపడదు. అదో సుఖం.

పని పడి రాస్తున్నాను. కచేరీ హాల్లో పెద్ద పియానో నీకు తెలుసుగా. ముప్ఫై ఏళ్లుగా దాని శ్రుతి నా చేతిలోనే ఉంది. కిందటిసారి దాని మీద వాయించినావిడ పోతూ పోతూ "పై స్వరాలు కొంచెం కరుస్తున్నాయి" అని మేనేజరుతో అందట. మేనేజరు మర్యాదస్తుడు. నా దగ్గరికొచ్చి, నేల చూపులు చూస్తూ, "మేడం, మార్చి నెలాఖరు కచేరీకి కూడా ఇలాంటి మాటొస్తే మా పైవాళ్లు వేరే మనిషిని చూడమంటారు" అన్నాడు. ఆ వేరే మనిషెవరో నాకు తెలుసు. మీటరాయన. చెవులు జేబులో వేసుకుని, బల్ల మీద శ్రుతి కొలిచే మీటరు పెట్టుకుని పియానోలు శ్రుతి చేసే మహానుభావుడు.

కాబట్టి తప్పు నాదా, ఆవిడ చెవిదా అన్నది ఆ కచేరీలోపల తేలాలి. శ్రుతి అయ్యాక ప్రతిసారీ కింది మెట్టు నుంచి పై మెట్టు దాకా ఒక్కొక్కటే నొక్కి రికార్డు చేసుకోవడం నా అలవాటు. పాతవి క్యాసెట్లు, కొత్తవి చిన్న రికార్డరులో. అన్నీ కలిపి అట్టపెట్టెలో ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. వాటిని ఒకచోట దాచి, పాతదీ కొత్తదీ పక్కపక్కన వేసుకుని వినేలా చెయ్యి. పనిగదిలో అడిగితే పనిగదిలో, వంటగదిలో అడిగితే వంటగదిలో వినిపించే పెట్టె ఇంట్లోనే పెట్టుకోవచ్చని ఒకసారి నువ్వే కోతలు కోశావు. ఆ పెట్టె కావాలి.

అది కరెంటు ఎక్కువ తాగకూడదు. ఇక్కడ కరెంటు పోయినప్పుడల్లా గదిలో చెమ్మ తీసే మిషన్ బ్యాటరీ మీద నడుస్తుంది. అది ఆగితే రిపేరుకి వచ్చిన చెక్కలన్నీ ఉబ్బిపోతాయి. బ్యాటరీలో నీ పెట్టెకి దొరికేది ఎంగిలి మెతుకే. అది చప్పుడు కూడా చేయకూడదు. మా ఇంట్లో గోడ గడియారానికే చోటు లేదు. ఇంకోటి, దీపాలు మిణుకుమిణుకుమంటే తీసి పారేస్తాను.

చెవులున్న,
నీ అత్త


జనవరి 16

అత్తా,

నీ క్యాసెట్లు చేరాయి. ఒక్కో దాని మీద నీ అక్షరాలు చీమలు బారులు తీరినట్టున్నాయి. మా కంప్యూటర్ రిపేరు షాపు ఓనరు చూసి "ముప్ఫై ఏళ్లు ఒకే పియానోనా? మనవాళ్లు ఫోన్ మూడేళ్లు ఉంచుకోరు" అన్నాడు. నాకు చచ్చేంత గర్వం వేసింది, పైకి మాత్రం "పని చూడండి" అన్నాను.

నాకు ఇక్కడ రోజూ కడుపు మండుతూనే ఉంది. నిన్న ఒకాయన ల్యాప్‌టాప్ తెచ్చి, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "రిపేరు చేసేవాళ్లెవరూ లేరా అమ్మా?" అన్నాడు. "ఉన్నారు, మీ ఎదురుగా నిలబడి ఉంది" అన్నాను. తర్వాత దాన్ని విప్పితే లోపల బ్యాటరీకి జిగురు, తెరకి జిగురు, అన్నిటికీ జిగురే. ఎవరూ విప్పి చూడకూడదని అతికించిన వస్తువు. అలాంటివి తయారు చేసేవాళ్ల చేతులు ఒక్కసారి అలాగే బల్లకి అతికించాలి.

సరే, నీ పెట్టె. ఆఫీసులు తీసేసిన డెస్క్‌టాప్ ఒకటి శుభ్రం చేసి, రెండు పెద్ద డిస్కులు బిగించి పంపుతున్నాను. రెండెందుకంటే ఒకటి చచ్చినా రెండోదాంట్లో అంతా ఉంటుంది. మూడో కాపీ నా దగ్గర పెట్టుకుంటాను. ఒక్కచోటే ఉన్న ఫైలు లేని ఫైలుతో సమానం, ఇది రాసి గోడకి తగిలించుకో. గుర్రంలాంటి మెషిన్. చప్పుడంటావా, నా చెవికి లేదు.

నీ టపాకాయ


జనవరి 28

టపాకాయా,

నువ్వు పంపింది గుర్రం కాదే, పిండిమర. ఇంట్లో పెట్టగానే అద్దాలు కూడా మూలిగాయి. తిరిగి పంపేస్తున్నాను.

తిట్టడానికి ముందు ఇది చదువు. దాన్ని నేను విప్పలేదు, విన్నానంతే. దాంట్లో రెండు ఫ్యాన్లు ఉన్నాయి. వెనకున్న ఫ్యానుకి ఒక రెక్క అంచు విరిగింది. తిరిగినప్పుడల్లా కుంటి మనిషి నడకలా తప్పిపోయి మళ్లీ దొరుకుతోంది. డిస్కుల్లో ఒకటి రెండోదానికన్నా వెంట్రుకవాసి నెమ్మది. రెండూ కలిసి తిరుగుతుంటే స్వరం అల్లాడుతోంది, కలవని రెండు తీగల్ని ఒకేసారి మీటినట్టు. ఆ అల్లాటలో కూర్చుని నేను తీగలు బిగించలేను. మా పనంతా ఆ అల్లాటని పసిగట్టి చంపడమే. అలాంటిది ఇంకోదాన్ని తెచ్చి గదిలో పెంచుకోమంటావా?

మొన్న కరెంటు పోయినప్పుడు చెమ్మ మిషన్ పొద్దు వాలకముందే ఆగిపోయింది. బ్యాటరీ అంతా నీ గుర్రమే మేసింది. ఒక పాత వాద్యం మూత ఉబ్బి పట్టేసింది. దాన్ని ఎండబెట్టి సరిచేసేసరికి నాకు చెమటలు పట్టాయి.

కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా అన్నం తిని తెచ్చుకో.

అత్త


ఫిబ్రవరి 4

అత్తా,

కోపం తెచ్చుకున్నాను. అన్నం తినకుండానే తెచ్చుకున్నాను. "ఫ్యాను రెక్క విరిగిందట, ఉత్తరంలో రాసింది, చూపిస్తా రండి" అని ఓనర్ని పిలిచి, నీ మాట అబద్ధమని రుజువు చేద్దామని అందరి ముందూ పెట్టె విప్పాను.

వెనక ఫ్యాను. ఒక రెక్క అంచు. గోరంత ముక్క లేదు.

తర్వాత డిస్కుల వేగం కొలిచాను. అదీ నువ్వు చెప్పినట్టే. ఓనరు నీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, "ఈవిడ మనిషా, మైక్రోస్కోపా?" అన్నాడు. పక్క బల్లతను తన పాత మోటార్‌సైకిల్ సంగతి నిన్ను అడగాలంటున్నాడు, దాని చప్పుడు ఎలా ఉందో ఉత్తరంలో రాస్తే రోగం చెప్తుందా అని. అత్తా, నేను ఎవర్నీ మెచ్చుకోను, నీకు తెలుసు. బడి మానేశాక ఏది నేర్చుకున్నా ఒక్కదాన్నే కిందామీదా పడి నేర్చుకున్నాను. కానీ నీ చెవి ముందు నా కొలత పరికరాలన్నీ దండగ. ఆ రోజంతా ఎవరి మీదా అరవలేదు.

ఇప్పుడు బుద్ధిగా ఎంచాను. పాత ల్యాప్‌టాప్ పెడదామనుకున్నాను, దానికి సొంత బ్యాటరీ ఉంటుంది, కరెంటు పోయినా నడుస్తుంది. కానీ ఏళ్ల తరబడి ప్లగ్గులో ఉంటే ఆ బ్యాటరీ బూరెలా ఉబ్బుతుంది. చెక్కలున్న గదిలో అది వద్దు. అరచేతిలో పట్టే బోర్డులు ఉన్నాయి, కరెంటు పిచ్చుకలా తాగుతాయి, అయితే అవి నడిచే చిప్ కార్డు ఎప్పుడు చస్తుందో చెప్పి చావదు. అందుకని ఫ్యాను లేని చిన్న ఫైళ్ల పెట్టె పంపుతున్నాను. ఒకటే డిస్కు, కాబట్టి అల్లాట ఉండదు. ముందుదాంట్లో పావు వంతు కరెంటు కూడా తాగదు. అడుగున రబ్బరు బిళ్లలు అతికించాను. దీపాలన్నిటి వైర్లూ కత్తిరించాను, గుడ్డిదాన్ని చేసి పంపుతున్నా.

మీటరాయన పని అయిపోయింది అత్తా. మనం చూపిద్దాం.

టపాకాయ


ఫిబ్రవరి 17

కోడలా,

ఈ పెట్టె నచ్చింది. డిస్కు సన్నగా గురక పెడుతుంది, పసిపిల్ల నిద్రలా. దానికి నేను అలవాటు పడగలను. చెమ్మ మిషన్ కూడా పొద్దున్నదాకా నడిచింది. ఫోన్‌లో వేలితో నొక్కగానే పదేళ్ల కిందటి పియానో వంటగదిలో మోగింది. కూర కలుపుతూ గరిట పట్టుకునే నిలబడిపోయాను.

కానీ ఈల ఉంది.

చాలా పైన, సూదిమొనలా. ఆపకుండా ఒకటే స్వరం. పియానోలో చిట్టచివరి మెట్ల దగ్గర ఉంటుంది. నేను పోల్చుకోవాల్సిన పై స్వరాలు సరిగ్గా ఆ ఈల కిందే నలిగిపోతున్నాయి. పాతవీ కొత్తవీ వేసి వేసి వింటున్నాను, ఏది సరో ఏది తప్పో తేలడం లేదు. ఇది నాకెంత అవసరమో తెలిసి కూడా లోపల పాత సామాను ఏదైనా వేశావా? వాడేసినవి నాకొద్దు. మీ షాపులో మిగిలిన తుక్కు వదిలించుకోవడానికి అత్త ఇల్లే దొరికిందా అనిపించింది ఒక్క క్షణం. అనిపించింది కాబట్టి రాస్తున్నాను, దాచుకోవడం నాకు రాదు. పెట్టె తిరిగి పంపుతున్నాను, దాని అడాప్టర్ మాత్రం ఇక్కడ గోడకే ఉండిపోయింది.

అత్త


ఫిబ్రవరి 23

అత్తా,

తుక్కా?

ఆ మాట ఇంకెవరైనా అని ఉంటే పార్సిల్లో పెట్టెకి బదులు ఇటుక వెళ్లేది. నువ్వు తిప్పి పంపిన పెట్టెలో ప్రతి స్క్రూ నేను బిగించింది. నాకు డిగ్రీ లేదు, బోర్డు మీద పేరు లేదు, నా పనే నా పేరు. దాన్ని తుక్కు అన్నావు. రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను.

తర్వాత షాపులో ఉన్న అడాప్టర్ తగిలించి ఈల వెతికాను. మైకు పెట్టి తెర మీద చూస్తే గీత చదునుగా ఉంది, ఏమీ లేదు. షాపులో గోల వల్లేమోనని పక్క షాపులో పాడైపోయిన ఫ్రిజ్ అడిగి తెచ్చి, పెట్టెని దాంట్లో పెట్టి, నేను కూడా తల లోపల పెట్టి తలుపు మూయించుకున్నాను. ఓనరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమ్మా, బతకాలని లేదా?"

"మా అత్తకి వినపడేది నాకెందుకు వినపడదో చూస్తున్నా."

"తల బయట పెట్టి చూడు తల్లీ!"

వినపడలేదు. అయినా నేను మైకునీ నమ్మను, నా చెవినీ నమ్మను. నువ్వు ఉందన్నావు, ఉంది. విరిగిన రెక్కని పెట్టె విప్పకుండానే పట్టుకున్న చెవి అది. డిస్కు మోటారులో కంటికి కనిపించని లోపమేదో ఉండి ఉంటుంది. అందుకని ఈసారి తిరిగే వస్తువే లేకుండా చేశాను. బ్యాంకుల్లో కౌంటర్ల మీద పెట్టే పుస్తకమంత కంప్యూటరు ఒకటుంటుంది, ఫ్యాను లేదు, చిప్పు డిస్కు వేశాను. కొత్తది, సీలు నేనే తీశాను, తుక్కు కాదు. పడుకునేటప్పుడు పెట్టుకునే దీపం కన్నా తక్కువ కరెంటు. లోపల ఏదీ కదలదు అత్తా. కదలనిది ఈల వేస్తే అది దెయ్యమే.

అడాప్టర్ పెట్టెతోపాటే ఉంది. నువ్వు ప్లగ్గు పెట్టి వదిలెయ్, ఏమీ నొక్కకు. ఫైళ్లన్నీ ఇక్కడి నుంచి నేనే ఎక్కిస్తాను, కొన్ని రోజులు పడుతుంది.

తుక్కు అమ్ముకునే నీ కోడలు


మార్చి 4

కోడలికి,

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కడుపులో పెట్టుకోకు.

కానీ ఈల పోలేదు. పెట్టె పుస్తకాల అరలో పెట్టాను. అడాప్టర్ ఉందన్నావు, పార్సిల్లో లేదు, నీ తొందర నాకు తెలిసిందేగా. పాతపెట్టె అడాప్టర్ మొన సరిగ్గా పట్టింది, అదే పెట్టాను. డిస్కు గురక పోయింది, ఆ మాటకొస్తే పెట్టె ఉందో లేదో తెలియడం లేదు. ఒక్క ఈలే మిగిలింది, అదే స్వరం, అదే సూదిమొన. గురక పోవడంతో ఇంకా బాగా వినపడుతోంది. నిన్నంతా ఆ అర పక్కన కూర్చుని నాకు ఏడుపొచ్చింది.

కచేరీ దగ్గరికొచ్చేసింది. ఇంకా నేను తప్పా, ఆవిడ తప్పా అన్నదే తేలలేదు. నీ వల్ల కాకపోతే చెప్పు, ఇక్కడే ఏదో షాపులో కొనుక్కుంటాను. ఇందులో నీకు చిన్నతనమేమీ లేదు.

అత్త


మార్చి 8

అత్తా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. నాకు మెత్తగా చెప్పడం రాదు, ఎప్పుడూ చెప్పలేదు కాబట్టి.

అడాప్టర్ నా బల్ల మీద ఉంది. పెట్టడం మర్చిపోయాను. పాతదాని మొన దీనికి పడుతుంది, కానీ ఆ కరెంటు దీనికి చాలదు. దాంతో ఈ పెట్టె లేవదు. నీ ఉత్తరం రాకముందు నుంచే చూస్తున్నాను, పెట్టె ఇక్కడి నుంచి కనపడటం లేదు. ఇంటర్నెట్ లేదేమో అనుకున్నాను. దీని దీపాల వైర్లు కూడా నేనే కత్తిరించాను కాబట్టి అది ఆగి ఉందని నీకు తెలిసే దారి లేదు.

అది ఒక్క నిమిషం కూడా నడవలేదు అత్తా.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. రోగం ఎక్కడుందో తెలియకపోతే ఒక్కో భాగం మారుస్తూ వెళ్తాం. అన్నీ మార్చాక కూడా రోగం అలాగే ఉంటే, మార్చనిది ఏదో అదే. ఫ్యాను మార్చాను. డిస్కు మార్చాను. పెట్టెనే మార్చాను. చివరికి కరెంటే లేదు. నేను ముందే ఆలోచించాల్సింది. మైకు లేదు అని చెప్తూనే ఉంది, నేనే నమ్మలేదు. నిన్ను తప్పు పట్టడం నాకు తోచనే లేదు. ఇప్పటికీ తోచడం లేదు, తప్పు అని కాదు నేను అంటున్నది.

ఈల పెట్టెలో లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్లు. నేను రానా? ఒక్క మాట రాస్తే బయల్దేరతాను.

నీ కోడలు


మార్చి 14

తల్లీ,

నీ ఉత్తరం చదివి నిన్ను తిట్టాను. ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి పైకే, తీరుబడిగా తిట్టాను. తర్వాత లేచి ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేశాను. మెయిన్ స్విచ్ కట్టేశాను. ఈల ఉంది. మెట్ల కిందకి వెళ్లాను, ఉంది. పార్కులో బెంచీ మీద కూర్చున్నాను, ఉంది. వీధి చివర బట్టల గోడౌన్ ఉంటుంది, తానులు నిలువెత్తు పేర్చి ఉంటాయి, మాట్లాడితే మన మాట మనకే తిరిగి రాదు. అక్కడి గుమాస్తాని అడిగి లోపల నిలబడ్డాను. అక్కడ అన్నిటికన్నా స్పష్టంగా ఉంది.

చెవి డాక్టరమ్మ చూసింది. పై స్వరాలు వినే శక్తి తగ్గిందట, అవి పోయిన చోట చెవి తనంతట తనే ఈల పుట్టించుకుంటుందట. ఫోన్‌లో గొంతులు దిండు కింద నుంచి వచ్చినట్టు ఉండటం కూడా అందుకే. పోయింది తిరిగి రాదట. ఉన్నదాన్ని కాపాడుకోవచ్చంది. "ఇంట్లో నిశ్శబ్దం మంచిది కాదు మీకు, చిన్నగా ఏదో ఒకటి మోగుతూ ఉండనివ్వండి" అంది. గడియారం కూడా లేని ఇంటికి వచ్చిన మందు ఇది! నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ చేశాను.

నువ్వు రావద్దు. వస్తే నేను నీ ముందు ధైర్యంగా ఉండాలి, ఇప్పుడంత ఓపిక లేదు.

నీ దగ్గర ఒక కాపీ ఉందన్నావుగా. కిందటిసారి శ్రుతి రికార్డు తీసి, దానికి మీటరు పెట్టి చూడు. ఈ మాట నా చేత్తో రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాయి. నువ్వు మెత్తబడితే ఇంకెవరు చెప్తారు నాకు?

ఇంకోటి. చిన్నగా మోగడానికి పాటలు కావాలి. పగలంతా పనిలో వినే చెవికి సాయంత్రం విశ్రాంతి అని నేను ఇంట్లో ఏ పాటా పెట్టుకోలేదు. ఏం వింటారో నాకు తెలియదు. నువ్వు వినేవే ఎక్కించు.

అత్త


మార్చి 18

అత్తా,

చూశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

పాత క్యాసెట్లు సాగి ఉంటాయి కదా, అందుకని స్వరాన్ని కాకుండా మెట్టుకీ మెట్టుకీ మధ్య ఎడాన్ని కొలిచాను. కింది నుంచి మొదలుపెడితే ముప్ఫై ఏళ్ల కిందటి నీ చేతికీ మొన్నటి నీ చేతికీ తేడా లేదు. గీత మీద గీత పెడితే ఒకే గీత. ఓనరు తన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ముప్ఫై ఏళ్లు ఒకేలా ఉన్న వస్తువుని నేనింతవరకు చూడలేదు.

పైన చివరి పన్నెండు మెట్లు తప్పాయి. పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ బిగించావు. ఆవిడ కరుస్తున్నాయన్నది నిజమే.

ఎవరి మీద కోప్పడాలో తెలియక కేబుల్ కొనడానికొచ్చిన ఆయన మీద అరిచాను. పాపం ఆయన ఏం చేశాడు? ఓనరు నన్ను బయటికి పంపి టీ తాగి రమ్మన్నాడు. అక్కడ నిలబడి ఒకటి ఆలోచించాను. అడాప్టర్‌తోపాటు ఒక చిన్న మీటరు పంపుతున్నాను, అగ్గిపెట్టెంత. చొక్కా జేబులో పట్టేస్తుంది. పై పన్నెండూ దానితో కలుపు. మేనేజరుకి చెప్పకు. ఎవరికీ తెలియదు. నీ చోటు నీదే. వాళ్లకి నిజం చెప్పాల్సిన అవసరం నీకేముంది? కిందిదంతా నీ అంత బాగా చేసే మనిషి వాళ్లకి ఎక్కడ దొరుకుతుంది?

పెట్టెలో నా పాటలు ఎక్కించాను. తిట్టుకుంటూ విను.

టపాకాయ


ఏప్రిల్ 3

బంగారు తల్లీ,

అడాప్టర్ పెట్టాను, పెట్టె లేచింది. నీ మీటరు మాత్రం వాడలేదు. జేబులో పెట్టుకుని హాలు దాకా వెళ్లాను, అబద్ధమెందుకు. తలుపు దగ్గర మేనేజరు నమస్కారం పెట్టాడు. ఆయన నోరు తెరవకముందే నేనే చెప్పేశాను. "పై పన్నెండు మెట్లూ నాకు వినపడవు. ఆవిడ సరిగ్గానే చెప్పింది. నేను కిందవి చేస్తాను, పైవాటికి ఆ మీటరాయన్ని పిలిపించండి." దొంగచాటుగా చేసి నెగ్గినా, రేపు పదమూడోది వినపడకపోతే ఎవరు చెప్తారే నాకు? పియానోకి అబద్ధం చెప్పలేం. పాపం మేనేజరు కంగారుపడి నాకు కుర్చీ వేశాడు, నాకేదో కాలు విరిగినట్టు.

రెండు రోజులకి మీటరాయన వచ్చాడు. అతనితో ఇన్నేళ్లలో మాట్లాడటం అదే మొదటిసారి. నా వంతు అయ్యేదాకా వెనక వరసలో కూర్చుని విన్నాడు. తర్వాత దగ్గరికొచ్చి,

"నాకు మీటరాయన అని పేరు పెట్టారట మీరు."

"ఎవరు చెప్పారు?"

"ఊరంతా అంటారండీ."

"ఊరంతా అంటే నేనొక్కదాన్నే. మిగతావాళ్లు నా దగ్గర నేర్చుకున్నారు."

నవ్వాడు. నవ్వుతూనే మీటరు తీసి బల్ల మీద పెట్టి, "నాకు ఎడమ చెవి వినపడదండీ. పదేళ్లయింది. చెప్తే పని ఇవ్వరని చెప్పలేదు. మీరు మొన్న మేనేజరుకి చెప్పేశారని విని రాత్రంతా అదే ఆలోచించాను" అన్నాడు.

పదేళ్లు అతన్ని ఎక్కిరించాను కోడలా. పక్కన నిలబడి దీపం పట్టుకున్నాను, అతను పైవి కలిపాడు. పని మంచిది. తొందర లేదు, చేయి తేలిక.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది, నీకెప్పుడూ చెప్పలేదు. పని అయ్యాక పియానో లోపలి చెక్క మీద, ఎవరికీ కనపడని చోట, పెన్సిల్‌తో పేరూ తేదీ రాస్తాం. ఆ చెక్క మీద ముప్ఫై ఏళ్లుగా ఒక్క పేరే ఉంది. అతను రాయకుండా సంచీ సర్దుకుంటున్నాడు. పెన్సిల్ నేనే ఇచ్చాను.

"కింద రాయనా?" అన్నాడు.

"కింద కాదు. నా పేరు పక్కన."

కచేరీకి ఇద్దరం చివరి వరసలో కూర్చున్నాం, అతని కుడి చెవి నా వైపు ఉండేలా. వాయించినాయన పియానో గురించి మంచీ చెడూ ఒక్క మాట కూడా అనలేదు. మా పనికి అంతకన్నా బిరుదు లేదు. ఇక మీదట ఇద్దర్నీ కలిపే పిలుస్తామన్నాడు మేనేజరు.

ఇంట్లో నీ పాటలు మోగుతున్నాయి. ఈల పోలేదు, పొమ్మన్నా పోని చుట్టంలా మూల కూర్చుంది. కానీ పాట ఉంటే దాని మాట ఎవరూ పట్టించుకోరు. ఆ పెట్టె మాత్రం అద్భుతమే! వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా ఉంటుంది, అంతే, ఇంకే గొప్పా చెప్పుకోదు. నీ పని అలా ఉంటుందని నాకు తెలిసి ఉండాల్సింది.

ఒక మాట. నీ పాటల్లో మూడోది, ఆ బొంగురు గొంతువాడిది, రెండో చరణం మొదట్లో పాడేవాడు శ్రుతి కిందికి జారాడు. ముసలిదాని ఈల అని కొట్టిపారెయ్యకు. అతను జారిన స్వరం నా ఈలకి చాలా కింద.

నీ అత్త


ఏప్రిల్ 9

అత్తా,

మూడో పాట తెర మీద పెట్టి చూశాను. రెండో చరణం మొదట్లో. జారాడు, వెధవ.

నాలుగేళ్లుగా వింటున్నాను ఆ పాట. బస్సులో, బల్ల దగ్గర, ఏడుపొచ్చినప్పుడు. ఒక్కసారి కూడా తెలియలేదు. షాపులో అందరికీ వినిపించాను, ఒక్కడూ పట్టుకోలేకపోయాడు. ఇప్పుడు అక్కడికి వచ్చేసరికి నాకు అదే వినపడుతోంది, ఇంక ఆ పాట నాకు పనికిరాదు. పాడుచేసి పెట్టావ్.

ఇంకేం విన్నావో రాయి.

టపాకాయ